ఆదివారము ఎవరిది?

పనిని గూర్చి భారతదేశమున విచారము మిక్కిలి ప్రాచీనమైనది. పని ఎందుకు చేయవలెను, ఏ బుద్ధితో చేయవలెను, దాని ఫలము ఎవరికి చెందును అను ప్రశ్నలపై గ్రంథములు పుట్టినవి. గ్రంథములకు భాష్యములు, భాష్యములకు టీకలు పుట్టినవి. కాని పని ఆగిన వేళను గూర్చి అంత శ్రద్ధతో ఆలోచించినవారు అరుదు. విశ్రాంతి అనునది అలసిన శరీరము తనంతట తాను తీర్చుకొను అవసరమే కాని, దానిని తత్త్వవిచారణకు ఎక్కింపనక్కరలేదని సామాన్యముగా అందరును తలచుచుందురు.

ఈ తలంపు సరియైనదని తోపదు. ఆజ్ఞ చొప్పున మనుష్యుడు చేయు పని ఆజ్ఞాపించినవాని స్వభావమును తెలుపును. ఆజ్ఞ లేనప్పుడు చేయు పని మాత్రమే అతని స్వభావమును తెలుపును. వారములో ఆరు దినములు అతడు ఎవరికో చెందినవాడు. ఏడవ దినమున తనకు తాను చెందినవాడని లోకము చెప్పుచున్నది. ఆ మాట నిజమేనా? నిజమైనచో అందరికిని సమానముగా నిజమా? వేసవిలో ఒక శనివారపు సాయంకాలమున పెద్ద పట్టణపు వీధులలో పొంగి పొరలు జనసమ్మర్దము ఈ ప్రశ్నను అడుగుచునే యున్నది. నాటకశాలకు, ఆటల మైదానమునకు, సముద్రతీరమునకు, దేవుని ఉత్సవమునకు పోవు ఆ జనములో ప్రతివాడును తనది కాని ఒకానొకని శ్రమపై కాలు మోపియే ముందునకు నడచుచున్నాడు. సెలవుదినము ఎవరిది అను ప్రశ్న ఇక్కడనే పుట్టుచున్నది.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు బెంగాలు రాష్ట్రమునందలి ఖరగ్‌పూరు వంటి ఊరు మరియొకటి దొరకుట కష్టము. ఎఱ్ఱని కంకరమట్టి నేలపై ఇరువదవ శతాబ్ది ఆరంభమున రైలు కొరకే వెలసిన పట్టణమది. హౌరా నుండి పడమటికి, దక్షిణమునకు పోవు రైలుమార్గములు ఇచ్చట చీలును. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు నెలకొల్పిన పెద్ద వర్క్‌షాపు, దాని చుట్టును వరుసలు తీర్చిన క్వార్టర్లు, నడుమ గోల్‌బజారు: ఇదియే మొదటి ఖరగ్‌పూరు. దక్షిణమున విశాఖపట్టణము వరకు సాగిన మార్గమును పట్టుకొని శ్రీకాకుళము, విశాఖ, గంజాము మండలముల నుండి తెలుగువారు వేలకొలదిగా వచ్చి ఈ ఊరిలో స్థిరపడిరి. ఒరియాలు, బెంగాలీలు, బీహారీలు, తమిళులు, పంజాబీలు, ఆంగ్లో ఇండియనులు వచ్చిరి. ఈ ఊరిని చిన్న భారతదేశమని పిలుచుట వాడుకయైనది. ఇచ్చటి తెలుగువారి సంఖ్యను, చిరకాలవాసమును గుర్తించియే 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా హోదా ఇచ్చుటకు నిర్ణయించినది.

ఈ ఊరికి వేసవి తీవ్రమైనది. పగటి ఎండకు రైలుపట్టాలు కాలుచుండును. కొన్ని సాయంకాలములలో పడమటి నుండి కాలవైశాఖి గాలివాన విరుచుకొనిపడి ఊరినంతను చల్లబరచి పోవును. శని, ఆదివారములలో ఆ చల్లదనమును ఆశ్రయించి జనులు బయటకు వత్తురు. మైదానములలో కుఱ్ఱలు బంతియాటలకు దిగుదురు. గోల్‌బజారు దీపములతో నిండును. తెలుగువాడలలో వేసవి మాసములయందే మాతాపూజ జరుగును. స్త్రీలు పసుపునీటి కుండలను, వేపరెమ్మలను తలపై నిడుకొని డప్పుల మ్రోతతో వీధులు తిరుగుదురు. ఉత్తరాంధ్రమున అమ్మవారి పండుగలు ఏ భయము నుండి, ఏ భక్తి నుండి పుట్టినవో ఆ భయభక్తులు రైలెక్కి ఈ ఊరికి వచ్చినవి. అనకాపల్లిలో నూకాంబికకు కొత్త అమావాస్యతో మొదలయ్యెడి జాతరను ఎరిగినవారికి ఇది పరాయి ఉత్సవముగ కనబడదు.

కాని పల్లెలో వేసవి వేరు, రైలుపట్టణమున వేసవి వేరు. పల్లెలో కోతలు, నూర్పులు ముగిసిన పిమ్మట ఏరువాక పున్నమ వరకు నేల తానే విశ్రమించును. నేలతోపాటు రైతును విశ్రమించును. పెండ్లిండ్లు, జాతరలు, తోలుబొమ్మలాటలు ఆ కాలమునకే కుదురును. అక్కడ సెలవు ఇచ్చునది ఋతువు. రైలునకు ఋతువు లేదు. అంతియ కాదు, లోకమునకు సెలవు వచ్చినప్పుడు రైలునకు పని హెచ్చును. బడులు మూతబడిన వైశాఖ జ్యేష్ఠములలో హౌరా నుండి పూరీకి, విశాఖకు, చెన్నైకి పోవు బండ్లు క్రిక్కిరిసి ఖరగ్‌పూరు మీదుగా పోవును. చాలక ప్రత్యేకపు బండ్లను నడుపుదురు. ఇచ్చటి ప్లాట్‌ఫారము పొడవు 1072.5 మీటర్లు, 2013లో గోరఖ్‌పూరు ప్లాట్‌ఫారము సిద్ధమగు వరకు ప్రపంచమున కెల్ల ఇదియే పొడవైనదని పేరుపొందినది. ఆ పొడవునను నిలిచిన బండిలో సముద్రస్నానమునకు పోవు కుటుంబములుండును. ఆ బండికి పచ్చజెండా ఊపువాడు మాత్రము పనిలో నుండును.

ఒకే వాడలో నివసించు రైలుపనివారిలో సైతము కాలము రెండు విధములుగా నడచును. వర్క్‌షాపు పనివానికి సైరను కలదు; సైరను మ్రోగినప్పుడు పోవును, మ్రోగినప్పుడు వచ్చును; ఆదివారమున సైరను మ్రోగదు. ప్రక్క క్వార్టరులోని డ్రైవరునకు, గార్డునకు ఆదివారము అనునది లేదు. పూర్వము కాల్‌బాయ్ పుస్తకము చేతబట్టుకొని నడిరేయి తలుపు తట్టెడివాడు. నేడు ఫోను మ్రోగును. బండి నడుపువారికి నెలకు ముప్పది గంటలకు తగ్గని విశ్రాంతులు నాలుగైనను, ఇరువదిరెండు గంటలకు తగ్గనివి ఐదైనను ఇయ్యవలెనని 1989 నాటి రైల్వే చట్టము విధించుచున్నది. లెక్కకు ఇది న్యాయమే. కాని ఆ గంటలు మంగళవారమున రావచ్చును, గురువారమున రావచ్చును. అతడు విశ్రమించు వేళ పిల్లలు బడిలో నుందురు. పిల్లలు మైదానమున నుండు వేళ అతడు బాలాసోరు దాటుచుండును.

విశ్రాంతి ఎందుకు అను ప్రశ్నకు లోకమున మొదట వచ్చు సమాధానము ఇది: మరల పని చేయుటకు. పూర్వము ఆవిరియంత్రములను కొన్ని దినముల కొకసారి షెడ్డునకు తెచ్చి బాయిలరు కడిగెడివారు. కడుగనిచో గార పేరుకొని యంత్రము చెడును. మనుష్యునికి విశ్రాంతియు అట్టిదే యని ఈ వాదము. ఇందులో సత్యము లేకపోలేదు. నిద్ర చాలని డ్రైవరు వేలమంది ప్రాణములకు అపాయము తేగలడు. అతని విశ్రాంతి గంటలను చట్టము లెక్కించుట అందువలననే. అయినను ఈ సమాధానము పూర్ణమైనది కాదు. యంత్రము షెడ్డులో నున్నప్పుడు దాని మేలు కొరకు గాక బండి మేలు కొరకే యుండును. మనుష్యుని విశ్రాంతిని సైతము ఇట్లే సమర్థించినచో, ఎక్కువ బలము గలవానికి తక్కువ సెలవు చాలుననియు, అలసట తెలియకుండ చేయు మందు దొరకినచో సెలవే అక్కరలేదనియు ఒప్పుకొనవలసి వచ్చును. ఈ వాదమును నమ్మిన యజమాని పనివానిని ఆదివారమున గూడ విడిచిపెట్టలేదు. సోమవారము కొరకు అతనిని సిద్ధము చేయుచున్నాడు, అంతే.

రవీంద్రనాథ ఠాకూరు ఈ స్థితిని ఎరుగనివాడు కాడు. 1926లో గ్రంథరూపమున వెలువడిన 'రక్తకరబి' నాటకమున భూగర్భమునుండి బంగారము త్రవ్వు కూలీలు పేర్లు పోగొట్టుకొని అంకెలుగా మిగులుదురు. వారికి సెలవుదినము దొరకినను అది మద్యమునకే చాలును. తనను తాను మరచుట తప్ప మరియొక సుఖము తెలియని స్థితికి మనుష్యుని తెచ్చిన పిమ్మట అతనికి సెలవు ఇచ్చుట కష్టము కాదు. ఆ సెలవును అతడు ఏమి చేసికొనునో ఇచ్చినవారికి ముందే తెలియును.

రెండవ సమాధానము మొదటిదానికంటె గౌరవమైనది: విశ్రాంతి పనికి ప్రతిఫలము, పనివాడు దానిని సంపాదించుకొన్నాడు. చరిత్ర ఈ సమాధానమునకు సాక్ష్యమిచ్చుచున్నది. బొంబాయి మిల్లు కార్మికులకు 1890 జూన్ 10వ తేదీన ఆదివారపు సెలవు లభించుటకు నారాయణ మేఘాజీ లోఖండే సంవత్సరముల తరబడి పాటుపడెను. వారమునకొక విశ్రాంతిదినము ఉండవలెనని అంతర్జాతీయ కార్మికసంస్థ 1921లో ఒడంబడిక చేయగా భారతదేశము 1923లో దానిని అంగీకరించినది. 1930లో రైల్వే చట్టమును సవరించి ఎడతెగని పని చేయువారికి వారమునకు అరువది గంటల పరిమితిని విధించిరి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు నలువదియెనిమిది గంటలకు మించరాదనెను. 1974 మే 8 నుండి 27వ తేదీ వరకు దేశమంతటను సాగిన రైల్వే సమ్మెలో ఎనిమిది గంటల పనిదినము ముఖ్యమైన కోరికలలో ఒకటి. తలుపు తీసి ఆదివారమును ఇంటిలోనికి పిలిచినవారు ఉత్త చేతులతో దానిని పొందలేదు. నేడు వేసవి సెలవులో ఊరక కూర్చుండు ప్రతివానికిని ఈ చరిత్ర తెలియవలసినది.

అయినను ప్రతిఫలమను సమాధానము సైతము ఒకచోట చాలకుండ పోవుచున్నది. ప్రతిఫలము కూలి ముట్టు పనికే గదా లభించును. కూలి లేని పని చేయువారి మాటేమి? రైలుక్వార్టరులోని గృహిణిని చూడుడు. భర్త పని వేళలు మారినప్పుడెల్ల ఆమె వంట వేళలు మారవలెను. అర్ధరాత్రి బయలుదేరువానికి ఆమె అన్నపు డబ్బా కట్టవలెను. తెల్లవారి వచ్చువానికి తలుపు తీయవలెను. నడుమ పిల్లలను బడికి పంపవలెను. ఆదివారమున చుట్టములు వత్తురు. కూరలు రెండు అధికమగును. మాతాపూజ నాడు కుండ మోయునదియు ఆమెయే. ఇంటికి వచ్చి పొయ్యి రాజేయునదియు ఆమెయే. ఏ చట్టమును ఆమె గంటలను లెక్కింపలేదు. విశ్రాంతి పనికి ప్రతిఫలమైనచో అందరికంటె ముందు ఆమెకు చెల్లవలెను, చెల్లుట లేదు. కాబట్టి పనికి విశ్రాంతిని తూచి యిచ్చు త్రాసు లోకమున సరిగా లేదని ఒప్పుకొనవలెను.

మూడవ సమాధానము ప్రాచీనమైనది. యుద్ధము శాంతి కొరకైనట్లు పని తీరిక కొరకని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు అభిప్రాయము. తీరిక యనగా ఊరకుండుట గాదు. అవసరముచేత గాక ఇష్టముచేత చేయదగిన పనులకు దొరకిన కాలము. గ్రీకుభాషలో తీరికను తెలుపు మాటయే తరువాత పాఠశాలకు పేరైనది. ఈ సమాధానము మొదటిదానిని తలక్రిందులు చేయుచున్నది: ఆదివారము సోమవారము కొరకు గాదు, సోమవారమే ఆదివారము కొరకు. అయితే అరిస్టాటిలు తీరికను స్వతంత్రులైన పౌరులకే కేటాయించెను. వారి కొరకు పని చేయు బానిసలకు దానిని నిరాకరించెను. తత్త్వము గొప్పది, దాని పంపకము అన్యాయమైనది. బ్రిటిషువారి కాలమున రైల్వే పట్టణములలో ఐరోపావారికొక ఇన్‌స్టిట్యూటు, భారతీయులకు వేరొక ఇన్‌స్టిట్యూటు ఉండెడివి. బిలియర్డు బల్ల, నృత్యశాల, చదువు గది ఒకరికి. వాటి తుడుపు పని మరియొకరికి. అరిస్టాటిలు దోషమే పట్టాల వెంట మరల కనబడినది.

తీరిక నిజముగా తీరిక యగుటకు ఏమేమి కావలెనో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఖరగ్‌పూరు చరిత్రయే మూడు ఉదాహరణములు ఇచ్చుచున్నది.

మొదటిది 1927 నాటిది. పనివారిని తగ్గింపదలచిన బెంగాల్ నాగపూర్ రైల్వే వారి నిర్ణయముతో ఖరగ్‌పూరు వర్క్‌షాపున గొప్ప కలత పుట్టినది. పిమ్మట భారత రాష్ట్రపతి యైన వరాహగిరి వేంకటగిరి ఆ రైల్వే కార్మికుల సంఘమునకు నాయకుడై వారి పక్షమున పోరాడెను. పని పోయినవానికి కాలము కావలసినంత కలదు. సైరను మ్రోగినను అతనిని పిలువదు. కాని ఆ కాలమును తీరిక యని ఎవరును అనరు. రేపటి అన్నమునకు పూచీ లేనివాని ఖాళీ సమయము సెలవు గాదు, శిక్ష. పల్లెలోని వేసవిని పొగడునప్పుడు సైతము ఈ సంగతి మరువరాదు. గాదెలో ధాన్యమున్న రైతునకు వేసవి పండుగల కాలము. భూమి లేని కూలివానికి అదియే పస్తుల కాలము. ఉత్తరాంధ్రమునుండి అంతమంది బండి ఎక్కుటకు గల కారణములలో ఇదియు నొకటి.

రెండవది హిజ్లీ. ఊరికి చేరువనున్న ఈ స్థలమున బ్రిటిషు ప్రభుత్వము విచారణ లేకుండ నిర్బంధించిన దేశభక్తులను ఉంచెను. వారికి అన్నము పెట్టిరి, పని చెప్పలేదు. కాలము గోడలవలె చుట్టును నిలిచియుండెను. 1931 సెప్టెంబరు 16వ తేదీన కావలివారు నిర్బంధితులపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించిరి. కలకత్తాలో జరిగిన నిరసనసభలో వృద్ధుడైన రవీంద్రుడు మాటలాడెను. అన్నమును, కాలమును ఉండియు స్వాతంత్ర్యము లేనిచో తీరిక లేదని ఆ గోడలు చెప్పుచున్నవి. ఆ భవనమునందే 1951లో భారత సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమైనది. గ్రీకుల మాటలోని రెండర్థములు ఇచ్చట ఒక విచిత్రమైన రీతిని కలిసికొన్నవి: బలవంతపు ఖాళీకాలము గడచిన గదులు విద్యకు నెలవులైనవి. వేసవిలో ఆ విద్యార్థులు ఇండ్లకు పోవుదురు. వారిని ఇండ్లకు చేర్చు బండ్లను నడుపువారు ఊరిలోనే యుందురు.

మూడవది ఏ సంవత్సరమునకు చెందినది గాదు. ప్రతి వారమునకును చెందినది. గురువారమున రెస్టు దొరకిన డ్రైవరునకు అన్నము కలదు, స్వాతంత్ర్యము కలదు, కాలము కలదు. లేనిది తోడు. నిద్ర ఒంటరిగా పోవచ్చును. పండుగ ఒంటరిగా చేసికొనుటకు వీలులేదు. విశ్రాంతికిని పండుగకును గల భేదము ఇదియే. శరీరమునకు గంటలు చాలును. హృదయమునకు అవే గంటలు ఇతరులకును దొరకవలెను.

ఈ భేదమును లెక్కచేయక ఒక మహారాజ్యము పెద్ద ప్రయోగము చేసి విఫలమైనది. 1929లో సోవియట్ ప్రభుత్వము యంత్రములు ఒక్కదినమైనను ఆగరాదను తలంపుతో ఏడుదినముల వారమును రద్దుచేసి అయిదుదినముల వారమును ప్రవేశపెట్టెను. పనివారిని అయిదు గుంపులుగా విభజించి ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క దినము సెలవు ఇచ్చిరి. లెక్క ప్రకారము పనివానికి నష్టము లేదు. పూర్వము ఏడింట ఒకటి దొరకెడిది, ఇప్పుడు అయిదింట ఒకటి దొరకినది. అయినను భర్తకొక దినము, భార్యకొక దినము, స్నేహితునికొక దినము సెలవు రాగా ఆ సెలవు ఎవరికిని రుచింపలేదు. 1931లో అందరికిని ఒకేనాడు సెలవు వచ్చు ఆరుదినముల వారమును తెచ్చిరి; 1940లో ఏడుదినముల వారము, ఆదివారము తిరిగి వచ్చినవి. ఎక్కువ సెలవు కంటె కలిసివచ్చు సెలవు మేలని కోట్లమంది అనుభవముచేత తేలినది. ఖరగ్‌పూరు డ్రైవరు ఏ ప్రయోగమును చేయకయే ఈ సత్యమును ఎరుగును.

ఇచ్చట ఒక ఆక్షేపణము పుట్టును. "రైలు ఆగరాదు. ఆసుపత్రి మూయరాదు. ఎవరో ఒకరు ఆదివారమున పని చేయక తప్పదు. వారికి జీతము ముట్టుచున్నది. అదనపు గంటలకు అదనపు సొమ్మును ముట్టుచున్నది. ఇచ్చి పుచ్చుకొనుట తీరిన పిమ్మట ఋణమెక్కడిది?" అని. ఈ మాటలో ముక్కాలు పాళ్లు నిజము. అందరికిని ఒకేనాడు సెలవు ఇచ్చినచో ఆ సెలవునాడు ఎవరును ఎచ్చటికిని పోలేరు. దాహము వేసినవానికి నీరు రాదు, దీపము వెలుగదు. తీరిక అందరి హక్కైనను ఒకేసారి అందరును అనుభవింపలేని హక్కు. ఇది మనుష్యులు కలిసి బ్రతుకుటలోనే యున్న చిక్కు. ఏ ప్రభుత్వమును దీనిని పూర్తిగా విప్పలేదు.

కాని మిగిలిన కాలుపాలును విడువరాదు. సొమ్ముతో కొనదగినది గంట. కొనరానిది ఆ గంట పడిన దినము. కుమార్తె మొదటిసారి పండుగ కుండ నెత్తిన పెట్టుకొన్న సాయంకాలమున తండ్రి కేబినులో మీటలు లాగుచుండెనేని, ఆ సాయంకాలమునకు ఏ రేటు ప్రకారము అదనపు కూలి కట్టవలెను? దానికి బదులుగా బుధవారమున ఒక సెలవు ఇయ్యవచ్చును. ఆ సాయంకాలమును ఇయ్యలేరు. వెల కట్టరాని వస్తువును పుచ్చుకొన్నప్పుడు వెల చెల్లించినంత మాత్రమున ఋణము తీరదు. పూర్వులు ప్రతివాడును మూడు ఋణములతో పుట్టునని చెప్పిరి: దేవఋణము, ఋషిఋణము, పితృఋణము. తాను చూడనివారి వలన తనకు కలిగిన మేలును గుర్తించుటయే ఈ భావమునకు మూలము. రైలెక్కి వేసవి సెలవులకు పోవువాడు చీకటిలో పట్టాల వెంట నడచు గ్యాంగ్‌మనును చూడడు. చూడకున్నను ఋణము ఋణమే.

ఋణమును ఒప్పుకొన్న పిమ్మట తీర్చు మార్గము వెదకవలెను. మొదటి మార్గము న్యాయమైన వంతు. పండుగదినముల పని ఎల్లప్పుడును ఒకరిపైననే పడరాదు. అడుగలేనివాడు, క్రొత్తగా చేరినవాడు, కంట్రాక్టరు క్రింద పనిచేయువాడు అందరి దసరాలను మోయరాదు. రెండవ మార్గము పండుగనే కొంత కదుపుట. తిథి చూచి చేయవలసిన ఉత్సవమును అందరికిని వీలైన దినమునకు మార్చుట అపచారమని కొందరి భయము. కాని అమెరికాలోని తెలుగువారు ఉగాదిని దగ్గర శని, ఆదివారములకు జరుపుకొనుట నేడు సామాన్యము. ఊరు విడిచి పనికి వచ్చినవారు పంచాంగమును, పనివేళల పట్టికను రెండింటిని ముందుంచుకొనియే బ్రతుకవలసినవారు. దేవత పుట్టిన తిథి కంటె దేవతను కొలుచువారు కూడిన దినము తక్కువ పవిత్రమైనది కాదు. మూడవ మార్గము ఇంటిలోనిది: ఆదివారమును అనుభవించువాడు ఆ దినమున ఇంటిపనిలో కొంత తాను పంచుకొనుట. ఇది అన్నింటికంటె సులభముగ కనబడును. ఆచరణలో అన్నింటికంటె వెనుకబడియున్నది ఇదియే.

తీరికను సమర్థించుటకు లోకులు తరచుగా మరియొక యుక్తి చెప్పుదురు. ఆటలవలన గొప్పవారు పుట్టుదురు, కళలవలన దేశమునకు కీర్తి వచ్చునని. ఖరగ్‌పూరులో ఇందుకు తగిన నిదర్శనమును గలదు. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుండి 2003 వరకు ఇచ్చట టిక్కెట్లు తనిఖీచేయు ఉద్యోగి. పని తీరిన వేళలలో ఈ ఊరి మైదానములలో ఆడినవాడు 2011లో భారతజట్టునకు నాయకుడై ప్రపంచకప్పు గెలిచెను. ఊరు గర్వించుట సహజము. కాని ఆ మైదానము మంచిదగుటకు కారణము అందుండి ఒక ధోనీ వచ్చుట గాదు. అతనితో కలిసి ఆడి, ఏ జట్టునకును ఎన్నిక గాక, మరునాడు మరల డ్యూటీకి పోయిన వందలమందికి ఆ సాయంకాలములు మంచివి. అందువలననే మైదానము మంచిది. కీర్తి కొరకు తీరికను సమర్థించువారు బాయిలరు కడుగువారి వాదమునే మరియొక వేషమున తెచ్చుచున్నారు. ఏ ప్రయోజనమునకును చెందకుండ ఆడిన ఆటలో మనుష్యుడు కొంతసేపు ఎవరికిని ఉపకరణము గాకుండ నుండును. అది అల్పమైన లాభము గాదు.

ఆదివారము ఎవరిది అను ప్రశ్నకు ఇంతవరకు జరిగిన విచారమువలన తేలినది ఇది: అది యజమాని ఇచ్చిన దానము గాదు, ఎందుకనగా దానిని పోరాడి తెచ్చిరి. పొందినవాని సొంత ఆస్తియు గాదు, ఎందుకనగా ఇతరుల పని లేనిదే అది ఒక్క గడియయైనను నిలువదు. అన్నమునకు పూచీ, స్వాతంత్ర్యము, కాలము, తోడు అను నాలుగును కూడినప్పుడు ఏర్పడు ఉమ్మడి సొత్తు అది. ఉమ్మడి సొత్తును అనుభవించువాడు తన వంతు తినుటతో ఊరకుండరాదు. వంతు అందనివారు ఎవరని అడుగవలెను. వేసవి సాయంకాలమున ఒక పట్టణమున ఎన్ని ఉత్సవములు జరిగినవో, ఎన్ని ఆటలు ఆడిరో లెక్కించి దాని నాగరికతను కొలుచుట వాడుక. దీపములు ఆరిన తరువాత మైదానము ఊడ్చువాడు, చివరి బండి నడుపువాడు, ఇంటిలో అన్నము వేడిచేయుచు కూర్చున్నది తమ ఆదివారమును ఎప్పుడు పొందుదురో అడిగి కొలుచుట అంతకంటె కష్టమైన పని. సరియైన కొలత అదియే.